గోడ అవతల వినిపించేది తీన్‌మార్ కాదు

సభకు నమస్కారం. డప్పు కళాకారులకు, బ్యాండు వాళ్లకు, డీజే తమ్ముళ్లకు, బరాత్‌లో, అంటే పెళ్లి ఊరేగింపులో, చివరి మలుపు దాకా ఎగిరేవాళ్లందరికీ శనార్థులు.

తీన్‌మార్ గురించి మాట్లాడదామంటే ముందుగా ఎదురయ్యేది ఒకటే ప్రశ్న: అది సంగీతమా, లేకి చప్పుడా? అడిగేవాళ్లలో ఎక్కువమంది కిటికీలు మూసుకొని ఇంట్లో కూర్చుని విన్నవాళ్లే. వాళ్ల బాధ నిజం, దాన్ని కాదనం. కానీ వాళ్లకు చేరిందేమిటో చూడాలి. లోతుగా పలికే మంద్ర ధ్వనులు గోడల్లోంచి దూరతాయి, సందు మలుపులు తిరిగి వస్తాయి. డప్పు అంచు మీద పడే పుల్ల దెబ్బ, తాషా అనే చిన్న వాద్యం మీద గలగల, తాళాల మెరుపు హెచ్చు శ్రుతి ధ్వనులు. అవి గోడ దగ్గరే ఆగిపోతాయి. అంటే ఇంట్లో ఉన్నవాళ్లకు చేరేది బేస్ బాక్సు గుద్దుడు ఒక్కటే. దరువు బయటే ఉండిపోయింది. వినని సంగీతానికి తీర్పు చెప్పడం న్యాయం కాదనడానికే ఈ ప్రసంగం.

దరువులో ఏముందో చూద్దాం. వీధిలో మనం వినే తీన్‌మార్‌లో చాలా భాగం మూడు మూడుగా నడుస్తుంది. శాస్త్రీయ సంగీతం వాళ్లు తిశ్ర నడక అంటారు. ఆరు దాకా లెక్కపెట్టండి. ఒకటి మీద, నాలుగు మీద బరువు వేయండి. మూడు, ఆరు మీద తేలిక దెబ్బలు. ఈ తేలిక దెబ్బలే తర్వాతి బరువు దెబ్బను లాక్కొస్తాయి. కాలు తనంతట తాను లేచేది అక్కడే. "జజ్జనకరి జనారే" అని పిల్లలు నోటితో అనేస్తారు చూడండి, ఆ నడక వాళ్ల నాలుక మీద అప్పటికే ఉంది.

ఇక డప్పు. కొయ్య చట్రానికి మేక తోలో దూడ తోలో బిగిస్తారు. కుడిచేతిలో పొట్టిగా లావుగా ఉండే సిర్ర, ఎడమచేతిలో సన్నగా పొడుగ్గా ఉండే సిటికెన పుల్ల. సిర్ర తోలు నడుమకు దగ్గరగా పడి గంభీరంగా పలుకుతుంది. సిటికెన పుల్ల అంచు మీద పడి తెగినట్టు పలుకుతుంది. ఎడమచెయ్యి డప్పును పట్టుకోవాలి, పుల్లనూ ఆడించాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే తడబడతారు. మణికట్టు బిగబట్టడంతో సిటికెన పుల్ల ఆలస్యంగా పడుతుంది, నడక కుంటుతుంది. ముందు సిర్ర పక్కన పెట్టి ఎడమచేతి ఒక్కదానితో సాధన చేయడమే దీనికి మందు.

బోనాలు వచ్చేది ఆషాఢంలో, వానల్లో. తేమ తగిలితే తోలు సడలి గొంతు పడిపోతుంది. అందుకే ఊరేగింపు మధ్యలో ఆగి కాగితాలో గడ్డో మండించి డప్పు కాస్తారు. మంటకు మరీ దగ్గర పెడితే తోలు చిట్లుతుంది. కాబట్టి తిప్పుతూ, మధ్యమధ్యలో వేలితో కొట్టి వింటూ కాయాలి. ఈ తిప్పలు పడలేక చాలామంది ప్లాస్టిక్ మూతలకు మారారు. వానకు సడలవు, నిజమే. కానీ మోత ఎక్కువసేపు సాగి ఒక దెబ్బ మీద ఇంకో దెబ్బ పడుతుంది. మూత అంచుకు చిన్న టేపు ముక్క అతికిస్తే ఆ మోత తగ్గుతుంది. తోలు గొంతు మాత్రం రాదు.

లాల్‌దర్వాజలోనో సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి దగ్గరో బోనాల్లో కొరడా పట్టి ఆడే పోతరాజు వెంట నడిచే దళాన్ని దగ్గరగా చూడండి. వాయించేవాళ్ల చూపు చేతుల మీద ఉండదు, పోతరాజు పాదాల మీద ఉంటుంది. కొరడా లేచిందంటే వేగం పెంచాలి. అతను ఆగి తల విసిరితే ముగింపు దరువు, అంటే ముక్తాయింపు, పడాలి. ఒక్కడు ఆలస్యమైతే ఆట చెడిపోతుంది. కాగితం లేకుండా, సైగలతో, జనం తోపులాటలో గంటల తరబడి చేసే పని ఇది. దీన్ని చప్పుడంటే ఎలా ఒప్పుకుంటాం?

ఈ ఆట ఒక్క మతానిదో ఒక్క వాడదో కూడా కాదు. నిజాం కాలంలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ సైనికులు హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ ప్రాంతంలో, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు బార్కస్ ప్రాంతంలో స్థిరపడ్డారు. వాళ్ల దరువు సంగీతం మర్ఫా ఈ నగరపు పెళ్లిళ్లలో నేటికీ మోగుతోంది. మర్ఫా, డప్పు ఒకే నగరంలో, పక్కపక్క వీధుల్లో పెరిగాయి. డప్పు మోసినవాళ్ల చరిత్ర ఇంకా బరువైనది. చావు కబురుకీ చాటింపుకీ వెట్టి కింద వాయించిన మాదిగలే ఆ డప్పును 1994లో ఎస్సీ వర్గీకరణ కోరిన దండోరా ఉద్యమానికి గుర్తు చేసుకున్నారు. తర్వాత తెలంగాణ ఉద్యమపు ఆటపాటల సభలైన ధూంధాం వేదికల మీదా అదే మోగింది. "లేకి" అనే ముందు ఆ మాట ఎవరికి తగులుతుందో ఆలోచించాలి.

ఇప్పుడు డీజే రీమిక్సుల సంగతి. మా అభిమానుల్లోనే దీని మీద రెండు వర్గాలున్నాయి. మంచి రీమిక్సు తీన్‌మార్‌కు శత్రువు కాదనేదే మా మాట. చెడేది ఎక్కడో కచ్చితంగా చెప్పవచ్చు. పాటలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియో తెరవగానే 16 గళ్లు కనిపిస్తాయి, అంటే దెబ్బకు నాలుగు గళ్లు. తీన్‌మార్‌కు దెబ్బకు మూడు కావాలి. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బ 500 మిల్లీసెకన్లు. మూడు భాగాలు చేస్తే నడుమ లెక్కలు రెండూ 167 దగ్గర, 333 దగ్గర పడాలి. నాలుగు గళ్ల లెక్కకు సర్దితే మొదటిది 125కు, రెండోది 375కు జరుగుతాయి. ఒకటి 42 మిల్లీసెకన్లు ముందు, ఇంకోటి అంతే వెనక. తెర మీద అంతా శుభ్రంగా కనిపిస్తుంది, వీధిలో మాత్రం ఎవరి కాలూ లేవదు. దెబ్బకు మూడు గళ్లు పెట్టుకోండి. మనిషి వాయించిన డప్పు రికార్డు ఉంటే అసలు సర్దకండి, కిక్‌నే, అంటే బేస్ దెబ్బనే, దాని వెంట నడిపించండి.

రెండో తప్పు బేస్. డప్పు ట్రాకులో 100 హెర్ట్జ్‌ల కింద ఉన్న మంద్ర ధ్వనిని కోసేసి ఆ చోటు కిక్‌కు వదలాలి. రెండూ అక్కడే కొట్టుకుంటే గుద్దుడే మిగులుతుంది. మూడోది మర్యాదకు సంబంధించినది. పాట నిండా డీజే పేరు అరిచే గొంతు ఉంటుంది, పాడిన జానపద గాయని పేరు ఎక్కడా ఉండదు. ఏ మిక్సు ఎవరిదో మొదటి నాలుగు దెబ్బల్లోనే చెప్పేసే అభిమానులు మనకున్నారు. పెన్‌డ్రైవుల కాలం నుంచి ఈ పాటలను దాచి, పంచి బతికించింది వాళ్లే. గాయకుల పేర్లు కూడా రాయమని అడగాల్సింది వాళ్లే.

2024 అక్టోబర్ 1న హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. చాలామందికి కోపం వచ్చింది. ఆ కోపంలో లెక్క మరచిపోవద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. బాక్సుకు ఒక మీటరు దూరంలో 110 ఉందనుకోండి. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైనప్పుడల్లా సుమారు 6 తగ్గుతుంది. 32 మీటర్ల దగ్గర కూడా ఇంకా 80 ఉంటుంది. రెండు పక్కలా గోడలున్న సందులో అంత కూడా తగ్గదు. 100 డెసిబెళ్లలో చెవికి క్షేమం 15 నిమిషాలే. బండి వెనక ఎగిరే పిల్లలు గంటలు గంటలు ఉంటున్నారు. వినలేని అభిమానితో ఏ సంగీతం బతుకుతుంది?

అందుకని బరాత్ మాట్లాడుకునేటప్పుడే కొన్ని సంగతులు తేల్చుకోవాలి. బాక్సుల ముఖం ఇళ్ల వైపు కాకుండా నడిచే జనం వైపు తిప్పించాలి. బేస్ బాక్సులు సగం చేస్తే తగ్గేది 3 నుంచి 6 డెసిబెళ్లే, ఆటకు ఏ లోటూ రాదు, గోడ అవతలకు మాత్రం తేడా తెలుస్తుంది. ఆంప్లిఫయర్ ఎర్ర లైటు వెలుగుతూ ఉందంటే శబ్దం పెరగడం లేదు, చిరుగుతోంది, పైగా హెచ్చు శ్రుతులు పలికే చిన్న స్పీకర్లు, ట్వీటర్లు, కాలిపోతాయి. కిక్ పడ్డప్పుడల్లా లైట్లు మసకబారితే జనరేటర్ చాలడం లేదని అర్థం, వాల్యూమ్ దించాల్సిందే. ఆసుపత్రికి, బడికి, కోర్టుకు 100 మీటర్ల లోపు బండి మోతా, డప్పులూ రెండూ ఆపేసి నిశ్శబ్దంగా దాటాలి. నలుగురు డప్పులవాళ్లకు బయానా (అడ్వాన్సు) డీజేతో పాటే ఇవ్వండి. వాళ్ల భోజనం, తిరుగు ప్రయాణం ఖర్చు కూడా అందులోనే రాసుకోండి. రాత్రి 10 కాకముందే చివరి ముక్తాయింపు పడేలా బయల్దేరే సమయాన్ని వెనక్కి లెక్కగట్టి, కార్డు మీద వేయించండి.