ఎక్కువ గోల్స్ కొట్టినోళ్లే ఓడిపోయిన ఫైనల్

నమస్కారం అండి, అందరూ బాగున్నారా. ఇవాళ మన దగ్గర పెద్దగా ఎవరూ చూడని ఆట గురించి మాట్లాడదామనుకుంటున్నా, ఐస్ హాకీ. స్కేట్లు కట్టుకుని మంచు మీద ఆడతారు చూశారా, అదే. అందులో కూడా ఒక్క సిరీస్ గురించే, 2024 జూన్‌లో ఫ్లోరిడా పాంథర్స్‌కీ ఎడ్మంటన్ ఆయిలర్స్‌కీ జరిగిన స్టాన్లీ కప్ ఫైనల్, అంటే అమెరికా, కెనడా టీములాడే ఎన్‌హెచ్‌ఎల్ అనే లీగ్‌కి ఫైనల్. రూల్స్ తెలీకపోయినా పర్లేదు, కావాల్సినంత వరకు మధ్యలో చెప్తూ పోతా.

ముందు ఒక లెక్క వినండి. ఆ ఫైనల్లో ఏడు మ్యాచ్‌లు జరిగాయి, అన్నీ కలిపితే ఎడ్మంటన్ 23 గోల్స్ కొట్టింది, ఫ్లోరిడా 18 కొట్టింది, కప్పు మాత్రం ఫ్లోరిడా ఎత్తుకెళ్లింది. ఇదెక్కడి న్యాయం అంటారా? నన్నడిగితే న్యాయమే. ఎందుకో చెప్తా.

ఎన్‌హెచ్‌ఎల్ ప్లేఆఫ్స్‌లోకి, అంటే సీజన్ చివరి నాకౌట్‌లోకి, 16 టీములు వస్తాయి, నాలుగు రౌండ్లు, ప్రతి రౌండ్లో రెండేసి టీములు ఎదురెదురుగా పడి ముందు నాలుగు మ్యాచ్‌లు ఎవరు గెలిస్తే వాళ్లు పైకి, రెండోవాళ్లు ఇంటికి. కప్పు కావాలంటే మొత్తం 16 విజయాలు. ఎనిమిది గోల్స్‌తో చితక్కొట్టినా ఒక విజయమే, ఒక్క గోల్‌తో గట్టెక్కినా ఒక విజయమే, మన ఐపీఎల్‌లోలాగా నెట్ రన్ రేట్ గొడవేం లేదు. పైగా ప్లేఆఫ్స్‌లో టై అయితే షూటౌట్ ఉండదు, ఎవరో ఒకరు గోల్ కొట్టేదాకా ఇంకో 20 నిమిషాలు, ఇంకో 20 నిమిషాలు అంటూ అర్ధరాత్రి దాటినా ఆడుతూనే ఉంటారు.

ఇక ఊళ్ల సంగతి. ఎడ్మంటన్ కెనడాలో ఆల్బర్టా రాష్ట్రం, చలికాలం అంటే ఏంటో బాగా తెలిసిన ఊరు. ఫ్లోరిడా టీమ్ ఆడేదేమో అమెరికాలో సన్‌రైజ్ అనే ఊళ్లో, మయామీకి కాస్త ఉత్తరాన, బయట కొబ్బరిచెట్లూ ఉక్కపోతా, లోపల ఏసీ పెట్టి గడ్డకట్టించిన మంచు. రెండింటికీ మధ్య దాదాపు 4,000 కిలోమీటర్లు, సిరీస్ అయ్యేదాకా ఇటూ అటూ విమానాల్లో తిరుగుడే. ఫ్లోరిడా ఫ్యాన్స్‌కి ఇంకో వింత అలవాటు కూడా ఉంది, ప్లాస్టిక్ ఎలుకల్ని గ్రౌండ్‌లోకి విసురుతారు. 1995లో వాళ్ల ప్లేయర్ స్కాట్ మెలన్‌బీ డ్రెస్సింగ్ రూమ్‌లో దూరిన ఎలుకని హాకీ స్టిక్‌తో కొట్టి చంపి అదే రాత్రి రెండు గోల్స్ వేశాడు, అప్పట్నుంచి పట్టుకుంది ఈ పిచ్చి.

సరే, ఆటలోకి వద్దాం. మొదటి మ్యాచ్ 3-0, ఫ్లోరిడాదే. ఎడ్మంటన్ బాగానే దాడి చేసింది కానీ ఫ్లోరిడా గోలీ (గోల్‌కీపర్) సెర్గీ బొబ్రోవ్‌స్కీ, రష్యా ఆయన, అప్పటికి 35 ఏళ్లు, వచ్చిన 32 షాట్లూ ఆపేశాడు. రెండోది 4-1, మూడోది ఎడ్మంటన్ వెళ్లి మరీ 4-3. మూడుకి సున్నా! ఫైనల్లో 0-3 నుంచి లేచి కప్పు గెలిచిన టీమ్ చరిత్ర మొత్తంలో ఒక్కటే, 1942లో టొరంటో. కాబట్టి ఇక అయిపోయిందనే అనుకున్నారు అందరూ.

నాలుగో మ్యాచ్‌లో ఏమైందంటే ఎడ్మంటన్ 8, ఫ్లోరిడా 1. బొబ్రోవ్‌స్కీని మధ్యలోనే దించేసి ఇంకో గోలీని పెట్టాల్సొచ్చింది. నాకు ఇక్కడ బాగా నచ్చిన ముక్క ఒకటి చెప్తా. హాకీలో తప్పు చేస్తే ప్లేయర్‌ని రెండు నిమిషాలు పక్కన బాక్స్‌లో కూర్చోబెడతారు, అప్పుడు నలుగురితో ఐదుగురిని ఎదుర్కోవాలి, గోల్ పడకుండా ఆపితే అదే పదివేలు. అలాంటిది నాలుగో మ్యాచ్‌లో ఎడ్మంటన్ మొదటి గోల్, ఐదో మ్యాచ్‌లో కూడా మొదటి గోల్, రెండూ ఒక మనిషి తక్కువ ఉన్నప్పుడే కొట్టారు, ముందు మాటియాస్ యాన్‌మార్క్, తర్వాత కానర్ బ్రౌన్. స్టార్లు కాదండీ వీళ్లు, రోజువారీ కూలీల్లాంటి ప్లేయర్లు. అవతలోళ్ల ధీమా అక్కడే సగం పోయింది.

మిగతా సగం కానర్ మెక్‌డేవిడ్ చూసుకున్నాడు. ఎడ్మంటన్ కెప్టెన్, అప్పటికి 27 ఏళ్లు, అతని స్పీడ్ చూస్తే మిగతావాళ్లు చెప్పులేసుకుని ఆడుతున్నారేమో అనిపిస్తది. గోల్ కొట్టినా ఒక పాయింట్, గోల్‌కి పాస్ ఇచ్చినా ఒక పాయింట్, అలా నాలుగో మ్యాచ్‌లో నాలుగు, ఐదో మ్యాచ్‌లో మళ్లీ నాలుగు. ఐదోది 5-3, ఆరోది 5-1. మూడు-మూడు! ఫైనల్లో 0-3 నుంచి ఏడో మ్యాచ్ దాకా లాక్కొచ్చిన టీమ్ 1945 తర్వాత ఇదే. కెనడా టీమ్ కప్పు గెలిచి అప్పటికి 31 ఏళ్లు, 1993లో మాంట్రియల్ గెలిచిందే ఆఖరు, అందుకని ఎడ్మంటన్ బయట కూడా చాలామంది కెనడా వాళ్లు ఆశ పెట్టుకున్నారు.

ఏడో మ్యాచ్ జూన్ 24 రాత్రి, మనకైతే 25 తెల్లారుజామున ఐదున్నరకి. సన్‌రైజ్‌లో. ముందు కార్టర్ వర్హేగీ ఫ్లోరిడాకి గోల్, రెండు నిమిషాలు దాటిందో లేదో యాన్‌మార్క్ సమం చేశాడు. రెండో పీరియడ్‌లో (ఆటలో 20 నిమిషాల భాగాన్ని అలా అంటారు) శామ్ రైన్‌హార్ట్ కుడివైపు నుంచి కొట్టింది లోపలికెళ్లింది, 2-1. అంతే, మళ్లీ గోల్ లేదు. ఆఖర్లో గోల్ ముందర పక్ (హాకీలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) దొర్లుతుంటే మెక్‌డేవిడ్ వాళ్లు మీద పడి పొడిచినా లోపలికి పోలేదు. మూడు మ్యాచ్‌ల పాటు జల్లెడలా కారిపోయిన ఆ బొబ్రోవ్‌స్కీనే 24లో 23 ఆపాడు. నేను న్యాయమే అన్నది ఇందుకే, ఎనిమిది కొట్టిన రాత్రి మిగిలిపోయిన గోల్స్‌ని దాచుకుని ఇంకో రాత్రికి వాడుకోవడం ఉండదు, రేపటి మ్యాచ్ మళ్లీ సున్నా నుంచే. ఫ్లోరిడా గెలిచిన నాలుగింట్లో రెండు ఒక్క గోల్ తేడావే, ఆ ఒక్క గోల్‌ని కాపాడుకోవడం వాళ్లకొచ్చు, అంతకుముందు ఏడాది ఫైనల్లో వేగస్ చేతిలో ఓడి నేర్చుకున్నదేమో మరి.

ప్లేఆఫ్స్ మొత్తంలో బెస్ట్ ప్లేయర్‌కి కాన్ స్మైత్ ట్రోఫీ ఇస్తారు, అది మాత్రం ఓడిన మెక్‌డేవిడ్‌కే ఇచ్చారు, 42 పాయింట్లు, అందులో 34 పాస్‌లకే, ఆ పాస్‌ల లెక్కలో పాత దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీ రికార్డు దాటేశాడు. ఓడిన టీమ్‌లో గోలీ కాని ప్లేయర్‌కి అది రావడం 1976 తర్వాత ఇదే. తీసుకోడానికి అతను గ్రౌండ్‌లోకి రాలేదు. కొంతమంది తప్పుబట్టారు, నాకైతే తప్పనిపించలేదు. ఆరు, ఏడు మ్యాచ్‌ల్లో అతనికి ఒక్క పాయింట్ కూడా రాలేదు మరి, ఆ మూడ్‌లో ఏం నవ్వుతాడు.

ఇంకో విషయం, 2025లో మళ్లీ ఈ రెండు టీములే ఫైనల్‌కొచ్చాయి. మొదటి ఐదింట్లో మూడు ఓవర్‌టైమ్‌కి, అంటే టై అయ్యాక ఆడే అదనపు సమయానికి వెళ్లాయి, కానీ ఆఖరి మ్యాచ్‌లో రైన్‌హార్ట్ ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టి 5-1తో ముగించాడు, సిరీస్ 4-2 ఫ్లోరిడాకే. గోల్స్ లెక్క కూడా ఈసారి 28-17, ఎడ్మంటన్ వాళ్లకి చెప్పుకోడానికి ఆ లెక్క కూడా మిగల్లేదు పాపం.