శెనక్కాయల ముద్ద, రంగుల పట్టీ

హోస్ట్: నమస్కారం. ఈ వారం స్టూడియోలో లేం, బెంగళూరు బసవనగుడిలో, కడలెకాయి పరిషె, అంటే శెనక్కాయల జాతర, జనంలో ఉన్నాం. వెనకాల బూరలు ఊదే పిల్లల్ని నేనేమీ చెయ్యలేను. నా పక్కన అనంతపురం అక్క. దక్షిణ సూడాన్‌లో నర్సుగా పనిచేసి వచ్చారు. అక్కా, శెనక్కాయలు తీసుకోండి.

అక్క: అక్కడ మా మందూ ఇదే.

హోస్ట్: మందా?

అక్క: మందే! తిండి లేక చిక్కిపోయిన పిల్లలకి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. శెనక్కాయల ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజాలు. ప్యాకెట్ 92 గ్రాములు, 500 కేలరీలు. 1996లో ఫ్రాన్స్‌వాళ్లు ప్లంపీనట్ అని మొదలుపెట్టారు.

హోస్ట్: అంటే మనింట్లో చేసే శెనక్కాయల ఉండే కదా?

అక్క: రుచి దాదాపు అదే. అసలు సంగతి, దాన్లో నీళ్లు కలపక్కర్లేదు. అంతకుముందు చిక్కి శల్యమైన పిల్లల్ని ఆస్పత్రిలో పెట్టి, పాలపొడి కలిపి తాగించేవాళ్లు. తుపాకులు పేలేచోట మంచినీళ్లేవి? తల్లి వారాల తరబడి ఆస్పత్రిలో కూర్చుంటే ఇంటి దగ్గర మిగతా పిల్లలెట్లా? ఇదైతే తడి ఉండదు, క్రిములు పెరగవు. చించి నోట్లో పెట్టడమే. జబ్బు ముదిరి, తినలేని బిడ్డకు మాత్రం ఆస్పత్రి తప్పదు.

హోస్ట్: ఎవరికివ్వాలో ఎట్లా తెలుస్తుంది?

అక్క: రంగుల పట్టీ. ఆర్నెల్ల నుంచి ఐదేళ్లలోపు పిల్లల ఎడమ జబ్బకు చుట్టాలి. 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే ఎరుపు. నీ బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టు. ఊఁ... ఇంకొంచెం బిగించు.

హోస్ట్: ఇంతేనా?

అక్క: అంతే. ఆ కొలత తల్లులకూ నేర్పుతారు. చదువుతో పని లేదు, రంగు చూస్తే చాలు.

హోస్ట్: మరి కష్టమెక్కడ?

అక్క: దారి. వానాకాలం నల్లరేగడిలో లారీ దిగబడితే కదలదు. పైగా కాల్పులు. మనకు, అనంతపురంవాళ్లకి, కరువంటే వాన రాకపోవడం. 2017లో దక్షిణ సూడాన్‌లోని లేర్, మయెండిట్ ప్రాంతాల్లో కరువని ప్రకటించారే, అది వాన చేసింది కాదు. 2013 డిసెంబరులో మొదలైన యుద్ధం జనాన్ని చేలల్లోంచి తరిమేసింది. నాకిప్పటికీ మింగుడుపడదు.

హోస్ట్: ప్యాకెట్లు చేరాక?

అక్క: ఇంట్లో నలుగురు పిల్లలుంటే, ఎర్రపట్టీ ఒక్కడికే. 'ఇది మందు, పంచొద్దు' అని తల్లికి చెప్పాలి. పెద్దోడు గుమ్మంలో నిలబడి ప్యాకెట్ వైపే చూస్తుంటాడు. చెప్పేదాన్ని. చెప్పి అటు తిరిగిపొయ్యేదాన్ని.

హోస్ట్: ...

అక్క: ఆ సేరు ఎంతో అడుగు. మా అమ్మకు తీసుకుపోవాలి.