ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్: నల్లగౌన్ల వెనక కథ

[తెర మీద: ఆక్స్‌ఫర్డ్ హై స్ట్రీట్. నల్లగౌన్లలో పరీక్షకు వెళ్తున్న విద్యార్థులు]

వాళ్లు కోటుకు పెట్టుకున్న పువ్వు చూడండి. తెల్ల కార్నేషన్ అంటే ఇవాళే మొదటి పరీక్ష. గులాబి రంగుదైతే పరీక్షలు నడుస్తున్నాయి. ఎర్రదైతే చివరి పేపరు, ఇక టెన్షన్ తీరినట్టే. ఈ గౌను తప్పనిసరిగా ఉండాలా అని 2015లో విద్యార్థులనే ఓటు అడిగితే, నూటికి 75 మందికి పైగా ఉండాల్సిందే అన్నారు. బలవంతం మీద నిలిచిన ఆచారం కాదిది.

[తెర మీద: పాత పటం]

ఆక్స్‌ఫర్డ్‌లో 1096 నాటికే పాఠాలు చెప్పేవారు. 1167లో రెండో హెన్రీ రాజు ఇంగ్లండ్ విద్యార్థులను పారిస్‌కు పోకుండా ఆపడంతో ఊరు విద్యార్థులతో నిండింది. 1209లో ఒక హత్య జరిగితే, నిందితుడైన విద్యార్థి దొరకలేదని ఊరివాళ్లు అతని తోటివాళ్లను ఉరితీశారు. ప్రాణభయంతో పారిపోయిన పండితుల్లో కొందరు కేంబ్రిడ్జ్ చేరారు. రెండో విశ్వవిద్యాలయం అలా పుట్టింది.

[తెర మీద: చిన్న గది, పుస్తకాల బీరువాలు]

ఇక్కడి అసలు గొప్పతనం నాకు ఈ గదిలోనే కనిపిస్తుంది. ఇద్దరు ముగ్గురు విద్యార్థులు, ఒక అధ్యాపకుడు, ఒక గంట. ఆక్స్‌ఫర్డ్‌లో ట్యుటోరియల్ అంటారు, కేంబ్రిడ్జ్‌లో సూపర్‌విజన్. వారమంతా చదివి రాసుకొచ్చిన వ్యాసంలో ప్రతి వాక్యానికీ జవాబు చెప్పుకోవాలి. వెనక బెంచీలో దాక్కునే వీలే లేదు. కేంబ్రిడ్జ్ సెయింట్ జాన్స్ కాలేజీలో చదివిన కట్టమంచి రామలింగారెడ్డిగారే 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి వైస్ ఛాన్సలర్. ఆయన తర్వాత ఆ పదవి చేపట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు.

[తెర మీద: కేంబ్రిడ్జ్ సెనేట్ హౌస్]

ఆచారాల పేరుతో జరిగిన అన్యాయం కూడా చెప్పాలి. ఆడపిల్లల కోసం కేంబ్రిడ్జ్‌కు చెందిన గర్టన్ కాలేజీ 1869లోనే వచ్చింది. 1890లో ఫిలిప్పా ఫాసెట్ అనే కేంబ్రిడ్జ్ విద్యార్థిని గణితం పరీక్షలో మగవాళ్లందరినీ దాటేసింది. అయినా పట్టా ఇవ్వలేదు. 1897లో మహిళలకు పట్టాలిద్దామా అని ఓటింగ్ పెడితే, వద్దన్నవాళ్లు సైకిలెక్కిన అమ్మాయి దిష్టిబొమ్మను వీధిలో వేలాడదీశారు. ప్రతిపాదన ఓడిపోయింది. ఆక్స్‌ఫర్డ్ 1920లో మహిళలకు పట్టాలివ్వడం మొదలుపెట్టింది. కేంబ్రిడ్జ్ మాత్రం 1948 దాకా ఇవ్వలేదు. అదే ఏడాది ఫాసెట్ కన్నుమూసింది.