చైన్ పడితే ఆగాలా?

అందరికీ నమస్కారం. ఈరోజు నేను మాట్లాడబోయేది ఏ రూల్ బుక్కులోనూ కనిపించని రూల్స్ గురించి. ప్రొఫెషనల్ రోడ్ సైక్లింగ్‌లో రాసిపెట్టిన రూల్స్‌కు కొదవ లేదు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య, అందరూ యూసీఐ అంటారు కదా, రైడర్ వేసుకునే సాక్స్ ఎంత ఎత్తు దాకా ఉండొచ్చో కూడా రాసింది. కానీ రేసులో మొదటి స్థానంలో ఉన్నవాడి చైన్ పడిపోతే రెండో స్థానంలో ఉన్నవాడు ఆగాలా, అక్కర్లేదా అన్నది మాత్రం ఎక్కడా రాయలేదు. దాని గురించి అభిమానులు పదిహేనేళ్లుగా కొట్టుకుంటూనే ఉన్నారు, నేనూ ఆ గొడవలో ఒక పక్షం వాడినే, అది ముందే చెప్పేస్తున్నాను.

అసలు ఈ మర్యాదలు ఈ ఆటలోనే ఎందుకింత బలంగా ఉన్నాయో ముందు చూద్దాం. కారణం గాలి. ఒంటరిగా వేగంగా తొక్కేవాడి శక్తిలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే ఖర్చయిపోతుంది. ఇంకొకడి వెనక చక్రం పట్టుకుని వెళితే అందులో దాదాపు మూడోవంతు మిగులుతుంది, పెద్ద గుంపు మధ్యలో ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే సాయంత్రం ఎవరిని ఓడించాలో పొద్దున్నుంచి వాళ్లతోనే కలిసి, వంతులేసుకుని, ఐదారు గంటలు ప్రయాణం చేయాలి. అదీ ఒక్కరోజుతో అయిపోదు, టూర్ డి ఫ్రాన్స్ అంటే 21 స్టేజీలు, అంటే రోజుకొక రేసు, మూడు వారాలు. ఈరోజు నువ్వు ఎవడికి ద్రోహం చేశావో రేపు గాలి ఎదురుకొట్టేటప్పుడు వాడి సాయమే కావాల్సి వస్తుంది. పెలటాన్‌లో, అంటే రైడర్ల పెద్ద గుంపులో, పుట్టిన మర్యాదలన్నిటికీ మూలం ఇదే. మంచితనం తర్వాత వచ్చి చేరింది.

ఆ మర్యాదల్లో కొన్ని చిన్నవి. నాయకుడు మూత్రానికి ఆగితే ఆ టైమ్ చూసి ఎటాక్ చేయకూడదు, అంటే ఒక్కసారిగా వేగం పెంచి పారిపోకూడదు. తిండి సంచులు అందించే చోట, అందరి ఒక చెయ్యి సంచిలో ఉన్నప్పుడు, వేగం పెంచకూడదు. ఇద్దరు ముందుకు పారిపోయినప్పుడు దారంతా ఒకడే గాలికి ఎదురు తొక్కి, రెండోవాడు వెనకే కూర్చుని వచ్చి, చివరి రెండొందల మీటర్లలో దాటేసి గెలిస్తే మిగతావాళ్లు వాణ్ని మర్చిపోరు. రేసు ఒక రైడర్ సొంత ఊరి మీదుగా వెళుతుంటే, పెద్ద టెన్షన్ లేని రోజైతే, అతన్ని కాస్త ముందు వెళ్లి ఇంట్లోవాళ్లను పలకరించి రానిస్తారు. ఇవన్నీ ఎవరూ పాఠంలా చెప్పరు, కొత్తగా వచ్చినవాడు సీనియర్ల తిట్లు తిని నేర్చుకుంటాడు.

ఇక అసలు గొడవ. 2010 జులై 19, టూర్ 15వ స్టేజ్, పిరనీస్ పర్వతాల్లో పోర్ట్ డి బాలెస్ అనే ఘాట్ రోడ్డు. మొత్తం టైమ్‌లో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ ఆండీ ష్లెక్ ఒంటి మీద ఉంది, రెండో స్థానంలో ఉన్న అల్బెర్టో కాంటడోర్ 31 సెకన్లు వెనకున్నాడు. శిఖరం దగ్గరపడుతుండగా ష్లెక్ సీటు మీంచి లేచి ఎటాక్ చేశాడు, సరిగ్గా ఆ ఊపులోనే చైన్ ఊడి ఇరుక్కుంది. కాళ్లు ఆగిపోయాయి. అతను దిగి, సైకిల్ వెనక భాగం ఎత్తి, చేత్తో చైన్ సర్దుకుంటుంటే పక్కనుంచి కాంటడోర్, మెన్షోవ్, సాంచెజ్ దూసుకుపోయారు. స్టేజ్ ముగిసేసరికి ష్లెక్ 39 సెకన్లు పోగొట్టుకున్నాడు, జెర్సీ 8 సెకన్ల తేడాతో కాంటడోర్‌కు వెళ్లింది. బహుమతి వేదిక మీద నిలబడ్డ కాంటడోర్‌ను జనం ఈలలేసి అవమానించారు. ఆ రాత్రే కాంటడోర్ వీడియో పెట్టి క్షమాపణ చెప్పాడు. పారిస్‌లో చివరి తేడా ఎంతో తెలుసా? 39 సెకన్లు. తర్వాత డోపింగ్ కేసులో 2012లో కాంటడోర్ నుంచి ఆ టైటిల్ తీసేసి ష్లెక్‌కు ఇచ్చారు, అది వేరే కథ.

ఇక్కడి దాకా వింటే ఎవరికైనా కాంటడోర్ మీదే కోపం వస్తుంది. కానీ అదే టూర్ మొదటి వారంలోకి వెళదాం. రెండో స్టేజ్, బెల్జియంలోని స్పా ఊరికి. స్టోకూ కొండ దిగేటప్పుడు తడి రోడ్డు మీద, ఒక మోటార్‌సైకిల్ నుంచి పడ్డ నూనె మీద, డజన్లకొద్దీ రైడర్లు జారి పడ్డారు. ఆండీ ష్లెక్, అన్న ఫ్రాంక్ ష్లెక్ ఇద్దరూ వెనకబడ్డారు. ఆరోజు పసుపు జెర్సీలో ఉన్నది వాళ్ల టీమ్‌మేట్ ఫాబియన్ కాన్సెలారా. అతను గుంపు ముందుకొచ్చి, అందరినీ నెమ్మది చేయించి, పడ్డవాళ్లు కలిసేదాకా ఆపాడు, ముగింపు దగ్గర స్ప్రింట్ కూడా వద్దన్నాడు. ఆ లోపు ఒంటరిగా ముందున్న సిల్వన్ షావనెల్ దాదాపు నాలుగు నిమిషాల తేడాతో గెలిచి జెర్సీ లాక్కెళ్లాడు. అంటే కాన్సెలారా తన ఒంటి మీది జెర్సీనే వదులుకున్నాడు. గొప్ప విషయమే. కానీ దానివల్ల బతికిపోయింది అతని టీమ్ నాయకులు. స్ప్రింట్ పాయింట్ల కోసం ఆరోజంతా టీమ్‌తో పని చేయించిన థోర్ హుషోవ్డ్‌కు మాత్రం చేతికి ఏమీ రాలేదు, అతను బహిరంగంగానే కోప్పడ్డాడు.

మర్నాడు ఏం జరిగిందో ఇంకా ముఖ్యం. మూడో స్టేజ్ రాళ్లు పరిచిన రోడ్ల మీద. ఫ్రాంక్ ష్లెక్ పడి కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు, గుంపు ముక్కలైంది, కాంటడోర్ వెనక ముక్కలో ఇరుక్కున్నాడు. ఈసారి ఎవరైనా ఆగారా? లేదు. ఆండీ ష్లెక్‌ను వెనక పెట్టుకుని కాన్సెలారానే ముందుండి లాగాడు. నిన్న అందరినీ ఆపినవాడే ఈరోజు పూర్తి వేగంతో వెళ్లాడు, ఆండీకి కాంటడోర్ మీద నిమిషానికి పైగా లాభం వచ్చింది. రెండు వారాల తర్వాత చైన్ పడినప్పుడు, కాంటడోర్ ఆగాల్సింది అన్నవాళ్లలో ఎంతమందికి ఈ నిమిషం గుర్తుంది? రాళ్ల రోడ్డు మీద పడటం ఆటలో భాగం, చైన్ పడటం దురదృష్టం అని వాదించేవాళ్లున్నారు. ఆ గీత ఎక్కడ గీయాలో గీసేది మాత్రం ఎప్పుడూ ఆరోజు బలంగా ఉన్నవాడే.

కాబట్టి నేను ఒక్క ప్రశ్నే పట్టుకుంటాను. ఆగినవాడికి ఏం పోయింది? ఏమీ పోకపోతే దాన్ని క్రీడాస్ఫూర్తి అనడానికి నాకు నోరు రాదు.

ఇటలీలో జరిగే మూడు వారాల రేసు జిరో డి ఇటాలియా, 2006లో అందులో సాన్ పెల్లెగ్రీనో కనుమ మీద ముగిసిన స్టేజ్ చూడండి. చివర్లో ఇద్దరే మిగిలారు, హువాన్ మాన్యుయెల్ గారాటే, యెన్స్ ఫోయ్గ్ట్. ఫోయ్గ్ట్ టీమ్ నాయకుడు ఇవాన్ బాస్సో గులాబీ జెర్సీలో, జిరోలో ముందున్నవాడి జెర్సీ అది, వెనక వస్తున్నాడు కాబట్టి ఫోయ్గ్ట్ వంతు తీసుకోకుండా గారాటే వెనకే వచ్చాడు. టీమ్ లెక్క ప్రకారం అది తప్పేమీ కాదు. కానీ ముగింపు గీత దగ్గరికొచ్చాక అతను స్ప్రింట్ చేయలేదు, పని చేసినవాడిదే గెలుపు అని గారాటేను వెళ్లనిచ్చాడు. జిరోలో ఒక పర్వత స్టేజ్ గెలుపంటే ఒక రైడర్ జీవితమంతా చెప్పుకునే విషయం. కెమెరాలు పెద్దగా పట్టించుకోకపోయినా ఇలాంటిదే నాకు అన్నిటికన్నా ఇష్టం.

2017 జిరోలో టామ్ డుమోలిన్ సంగతి ఇంకా విచిత్రం. బెర్గామో స్టేజ్‌లో నైరో కింటానా పడితే, గులాబీ జెర్సీలో ఉన్న డుమోలిన్ గుంపును నెమ్మది చేయించాడు. ఆ తర్వాతి స్టేజ్‌లోనే, స్టెల్వియో దాటాక, చివరి ఎక్కుడు మొదలయ్యే చోట డుమోలిన్‌కు కడుపు పాడై రోడ్డు పక్కన గడ్డిలోకి పరుగెత్తాల్సి వచ్చింది. హెల్మెట్ విసిరేసి, జెర్సీ విప్పుకుంటూ, ప్రపంచమంతా చూస్తుండగా. ముందున్నవాళ్లు కాసేపు తటపటాయించారు, తర్వాత వెళ్లిపోయారు. కింటానా, నిబాలి ఆగి ఉండాల్సిందా? నా ఉద్దేశంలో అక్కర్లేదు, అప్పటికే రేసు ముందు పూర్తి వేగంతో నడుస్తోంది, అలాంటప్పుడు ఎవరి ఒళ్లు వాళ్లే చూసుకోవాలి. డుమోలిన్ ఒంటరిగా తొక్కి రెండు నిమిషాలకు పైగా నష్టపోయినా జెర్సీ నిలబెట్టుకున్నాడు, చివరికి మిలాన్‌లో కింటానా మీద 31 సెకన్లతో గెలిచాడు. ఆయన బెర్గామోలో ఆగింది బాకీ వసూలు చేసుకోవడానికి కాదు కదా, అందుకే అది విలువైనది.

ఇప్పుడు ఇబ్బందికరమైన విషయానికి వస్తాను. రాయని రూల్స్ అనగానే మనకు కరచాలనాలే గుర్తొస్తాయి. కానీ ఇదే కట్టుబాటు మనుషుల నోళ్లు కూడా నొక్కింది. 1999 టూర్‌లో క్రిస్టోఫ్ బాసోన్స్ అనే ఫ్రెంచ్ రైడర్ డోపింగ్ గురించి పత్రికల్లో మాట్లాడాడు. పెలటాన్ అతనితో మాట్లాడటం మానేసింది, పసుపు జెర్సీలో ఉన్న లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కకొచ్చి వెళ్లిపొమ్మన్నాడు, బాసోన్స్ రేసు మధ్యలోనే ఇంటికెళ్లిపోయాడు. 2004లో ఫిలిప్పో సిమియోనిది ఇంకా దారుణం. ఒక డాక్టర్ మీద డోపింగ్ కేసులో సాక్ష్యం చెప్పినందుకు, టూర్ 18వ స్టేజ్‌లో అతను ముందుకు పారిపోయిన చిన్న గుంపులో, అంటే బ్రేక్‌అవేలో, చేరితే ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా వెంటబడ్డాడు. టూర్ గెలుస్తున్నవాడికి ఆ చిన్న బ్రేక్‌అవేతో ఏ ప్రమాదమూ లేదు. అయినా సిమియోని ఉన్నంతసేపు ఆ బ్రేక్‌అవే బతకదని మిగతావాళ్లకు అర్థమైంది, సిమియోని వెనక్కి తగ్గాల్సి వచ్చింది. తిరిగొస్తూ ఆర్మ్‌స్ట్రాంగ్ పెదవులకు జిప్ వేసుకుంటున్నట్టు సైగ చేశాడు, గుంపులో చాలామంది సిమియోనినే దెప్పారు. ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచిన మొత్తం ఏడు టూర్ టైటిళ్లూ డోపింగ్ వల్ల 2012లో పోయాయి, కానీ సిమియోని పోగొట్టుకున్న ఆ రోజును ఎవరూ తిరిగివ్వలేదు.

కింద పడ్డవాడి కోసం గుంపు నెమ్మదించడం, నిజం మాట్లాడినవాణ్ని గుంపు వెలివేయడం, రెండూ పుట్టింది ఒకే చోట. పెలటాన్‌లో అందరికీ అందరూ కావాలి, అందుకే పెద్దవాడి మాటకు అంత బలం. 1995 టూర్‌లో పోర్తె డాస్పె దిగుడులో ఫాబియో కాసార్తెల్లి చనిపోయిన మర్నాడు ఆ బలమే గుంపు మొత్తాన్ని పోటీ మానేసి నెమ్మదిగా నడిపించింది, చివర్లో అతని టీమ్‌మేట్లను ముందుంచి గీత దాటించింది. ఆరోజు ప్రైజ్ మనీ కుటుంబానికి వెళ్లింది. కాబట్టి ఈ సంప్రదాయమంతా బూటకం అని నేను అనను, అనలేను కూడా.

నాకు నచ్చనిది ఒక్కటే. మనం ఆగాలి, ఆగాలి అని ఎవరి గురించి అంటున్నాం? ఎప్పుడూ మొదటి మూడు స్థానాల్లో ఉన్నవాళ్ల గురించే. ఎనభయ్యో స్థానంలో ఉన్న కుర్రాడు, నాయకుడికి నీళ్ల బాటిళ్లు మోసేవాడు, పంక్చర్ అయితే ఒంటరిగా కార్ల మధ్య నుంచి తొక్కుకుంటూ రావాల్సిందే. వాడి కోసం ఆగే గుంపు లేదు. ఇది న్యాయం గురించిన రూల్ అయితే వాడికీ వర్తించాలి కదా.

అందుకే చివరి కిలోమీటర్లలో పడ్డవాళ్లకు వాళ్లున్న గుంపు టైమే ఇచ్చే రూల్ నాకు ఇష్టం. మామూలుగా అది చివరి మూడు కిలోమీటర్లకు ఉంటుంది, ఇప్పుడు కొన్ని స్టేజీల్లో ఐదు దాకా పెంచుతున్నారు. పసుపు జెర్సీ అయినా, ఆఖరి స్థానం అయినా ఒకటే. రాస్తే ఇలా రాయొచ్చు.

అయితే అన్నీ రాయలేం, 2022 టూర్‌లో మొదటి స్థానంలో ఉన్న వింగెగార్డ్‌కూ, రెండో స్థానంలో ఉన్న పొగాచర్‌కూ మధ్య జరిగింది ఏ రూల్ కిందికి వస్తుంది? స్పాండెల్ కనుమ దిగుతూ పొగాచర్ వేగం పెంచుతుంటే మొదట వింగెగార్డే సైకిల్ అదుపు తప్పి, ఒక కాలు పెడల్ నుంచి ఊడి, ఎలాగో నిలదొక్కుకున్నాడు. కొన్ని క్షణాల్లోనే పొగాచర్ కంకర మీద జారి పడ్డాడు. వింగెగార్డ్‌కు అప్పటికే 2 నిమిషాల 18 సెకన్ల ఆధిక్యం ఉంది. వెనక్కి చూశాడు, తొక్కడం తగ్గించాడు. పొగాచర్ తొడ మీద రక్తంతో వచ్చి కలిసి చెయ్యి చాపాడు, ఇద్దరూ చేతులు కలిపారు. తర్వాత హొటాకామ్ మీద వింగెగార్డ్ అతన్ని నిమిషానికి పైగా తేడాతో ఓడించాడు.

2025 టూర్‌లో తులూజ్ దగ్గర, ముగింపు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉండగా పొగాచర్ మళ్లీ పడ్డాడు. ఐదు కిలోమీటర్ల రూల్ పెట్టిన స్టేజా, కాదా అని ఎవరూ లెక్కలు వేసుకోలేదు, ముందున్న వింగెగార్డ్ వాళ్లూ నెమ్మదించి అతన్ని కలవనిచ్చారు. మర్నాడు అదే హొటాకామ్ మీద పొగాచర్ వింగెగార్డ్ కంటే రెండు నిమిషాలకు పైగా ముందు చేరాడు. ఈసారి ఆగినవాడికి నిజంగా ఏదో పోయి ఉండొచ్చు, ఆగకపోయినా అదే జరిగి ఉండొచ్చు. ప్రశ్నలకు టైమ్ ఉంది. కాంటడోర్ ఆగాల్సిందే అని గట్టిగా అనుకునేవాళ్లు ముందు మాట్లాడండి, మూడో స్టేజ్ గురించి మీ జవాబేంటో నాకు వినాలనుంది.