ఇంటి పాటల క్యాసెట్లు వెబ్‌సైట్‌లో: హ్యూగోతో

అందరికీ నమస్తే. ఇంట్లో పెద్దవాళ్లు పాడిన మంగళహారతులు, పెళ్లి పాటలు, అప్పగింత పాటలు క్యాసెట్లలో ఉండిపోయాయా? వాటిని ఈ రోజు హ్యూగోతో సైటుగా పెడదాం. హ్యూగో అంటే టెక్స్ట్ ఫైళ్ల నుంచి వెబ్ పేజీలు తయారుచేసే ఉచిత ప్రోగ్రాం, డేటాబేస్ అక్కర్లేదు.

ముందు ఆడియో. ఆడియో ఎడిట్ చేసే ఆడాసిటీ తెరిచాను, క్యాసెట్ ఒక వైపంతా ఒకే ఫైలు, చూడండి. పాట మొదలయ్యే చోట క్లిక్ చేసి కంట్రోల్ బి, పేరు టైప్ చేయండి. తర్వాతి పాట, మళ్లీ కంట్రోల్ బి. చివర్లో ఎక్స్‌పోర్ట్, మల్టిపుల్ ఫైల్స్. అంతే, పాటకో ఫైలు! నాకు ఈ షార్ట్‌కట్ అంటే ప్రాణం. పాట ముందు ఎవరైనా దగ్గినా, "ఆన్ అయిందా?" అని అడిగినా కత్తిరించకండి, ఉండనివ్వండి.

ఎంపీ3లోనే తీయండి. గంట రికార్డింగు వేవ్‌లో దాదాపు 635 ఎంబీ, 128 కేబీపీఎస్ ఎంపీ3లో 58. మన సైటు ఫైళ్లు పెట్టబోయేది గిట్‌హబ్ అనే ఆన్‌లైన్ సర్వీసులో, అది 100 ఎంబీ దాటిన ఫైలు తీసుకోదు.

హ్యూగో న్యూ సైట్, థీమ్... కమాండ్లు స్క్రీన్ మీద ఉన్నాయి, కొట్టేయండి. పాటకో ఫోల్డరు. అందులో ఇండెక్స్ డాట్ ఎండీ అనే టెక్స్ట్ ఫైలు, పక్కనే ఎంపీ3. పాడినవాళ్లు, ఊరు, సాహిత్యం ఎండీలో రాయండి. సాహిత్యం తప్పకుండా రాయండి, వెతికితే పాట దొరికేది దానితోనే.

ఇక్కడ కాస్త ఆగుదాం. టెంప్లేట్‌లో, అంటే పాట పేజీ ఎలా ఉండాలో చెప్పే ఫైల్లో, పాటను ప్లే చేసే ఆడియో ట్యాగు పెడతాం. చాలామంది ఎంపీ3 దారిని స్లాష్‌తో మొదలుపెట్టి చేత్తో రాసేస్తారు. మన కంప్యూటర్‌లో పాట చక్కగా మోగుతుంది. గిట్‌హబ్ సైట్లను చూపించే గిట్‌హబ్ పేజెస్‌లోకి వెళ్లాక మోగదు! ఎందుకంటే అక్కడ మన సైటు రిపాజిటరీ (గిట్‌హబ్‌లో మన ఫైళ్లుండే ఫోల్డరు) పేరు కింద ఉంటుంది. మొదటి స్లాష్ ఆ పేరును వదిలేసి నేరుగా డొమైన్ మొదటికి పోతుంది, అక్కడ ఫైలు లేదు. కాబట్టి దారి మనం రాయొద్దు, ఫైలు దారిని ఇచ్చే రెల్‌పర్మాలింక్‌తో హ్యూగోనే రాయనివ్వాలి. ఈ లైను చూడండి. హ్యూగో సెట్టింగుల ఫైలు కాన్ఫిగ్‌లో బేస్ యూఆర్ఎల్, అంటే సైటు అడ్రసు, కూడా రిపాజిటరీ పేరుతో సహా ఉండాలి. ఒకసారి పాజ్ చేసి రెండూ సరిచూసుకోండి.

ఆడియో ట్యాగులో ప్రీలోడ్ నన్ అని కూడా పెట్టండి. లేకపోతే ప్లే కొట్టకముందే బ్రౌజర్ ఫైళ్లు లాగడం మొదలుపెట్టొచ్చు, ఫోన్ డేటా దండగ.

సినిమా పాటలు మాత్రం ఇందులో కలపకండి. మన దేశంలో సౌండ్ రికార్డింగు మీద హక్కులు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లుంటాయి, రాసినవాళ్ల హక్కులు వేరే. ఇంటి పాటలైనా పాడినవాళ్లను అడిగే పెట్టండి.

కమిట్, పుష్, అంటే మార్పులు సేవ్ చేసి గిట్‌హబ్‌కు పంపడం. ఆకుపచ్చ టిక్ వచ్చింది. ఇక ఫోన్లో తెరిచి ఒక్కో పాటా ప్లే చేసి చూడండి, అన్నీ మోగాకే లింకు ఇంట్లోవాళ్లకు పంపండి.