గడువు ఎవరికిచ్చారు?

అందరికీ నమస్కారం. ఇంటి లోన్ల గురించి మాట్లాడమన్నారు, నేను దోమలతో మొదలుపెడతాను. మన మున్సిపాలిటీ వాళ్ళు చెరువుల్లో, గుంటల్లో దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వదులుతారు, చూసే ఉంటారు. 2008 ప్రాంతంలో అమెరికాలోని కాలిఫోర్నియా, అరిజోనాల్లో అవే చేపల్ని ఇళ్ళ వెనక ఈతకొలనుల్లో వదిలారు. ఆ ఇళ్ళల్లో మనుషుల్లేరు మరి. కిస్తీలు కట్టలేక వెళ్ళిపోయారు. కరెంటు తీసేశారు, మోటారు తిరగదు, నీళ్ళు పాచి పట్టి పచ్చగా అయిపోయాయి. దోమల శాఖ మనిషి గోడ మీంచి తొంగి చూస్తే చాలు, ఏ ఇంటి లోను మునిగిందో తెలిసిపోయేది.

నేను చాలా ఏళ్ళు బ్యాంకులో ఇంటి లోన్ల సీట్లో పనిచేసినవాణ్ణి. అక్కడ ఏం జరిగిందో మీకు కిస్తీ లెక్కలోనే చెబుతాను. అప్పట్లో అమెరికాలో ‘రెండు-ఇరవై ఎనిమిది’ అని ఒక రకం లోను ఉండేది. మొత్తం 30 ఏళ్ళు. మొదటి రెండేళ్ళు వడ్డీ మారదు, తర్వాత మార్కెట్ రేటును బట్టి పోతుంది. 2 లక్షల డాలర్లు 7 శాతానికి తీసుకున్నారనుకోండి, నెలకు సుమారు 1,330 డాలర్లు. రెండేళ్ళయ్యాక రేటు 10 శాతమైతే అదే కిస్తీ 1,740 దగ్గరికి వెళ్తుంది. జీతం మాత్రం పెరగలేదు. మన దగ్గరైతే రేటు పెరిగినప్పుడు ఎక్కువగా ఈఎంఐ అలాగే ఉంచి నెలలు పెంచుతారు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి ఎక్కింది కదా, చాలామందికి ఈఎంఐ కదల్లేదు, లోను మాత్రం రిటైర్మెంట్ దాటిపోయింది! అమెరికాలో ఆ దెబ్బ నేరుగా నెల ఖర్చు మీదే పడింది.

లోను ఇచ్చినవాళ్ళకి ఈ లెక్క తెలియదా అంటే, తెలుసు. ఇంటి ధర పెరుగుతుంది, పాత లోను తీర్చేసి కొత్తది తీసుకుంటాడులే అనుకున్నారు. ఆదాయానికి రుజువు అడగని లోన్లు కూడా ఇచ్చారు. జీతానికి ఫారం-16, ఆస్తికి ఈసీ, లింకు డాక్యుమెంట్లు అంటూ ప్రాణాలు తోడేస్తున్నామని మమ్మల్ని తిట్టేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. 2004 జూన్‌లో 1 శాతం ఉన్న ఫెడరల్ రిజర్వ్ (వాళ్ళ రిజర్వ్ బ్యాంకు) రేటు రెండేళ్ళలో 5.25కి చేరింది. 2006లో ఇళ్ళ ధరలు ఇక పెరగలేదు, పడటం మొదలైంది. పాత లోను తీర్చే దారి అక్కడ మూసుకుపోయింది. 2010 మొదట్లో చూస్తే, ప్రతి పది ఇంటి లోన్లలో ఒకటి కిస్తీ తప్పినదే.

ఇక ఫ్యానీ మే, ఫ్రెడీ మ్యాక్. పేర్లు పెంపుడు పిల్లుల పేర్లలా ఉంటాయి గానీ, దేశంలోని ఇంటి అప్పుల్లో దాదాపు సగం, అంటే 5 లక్షల కోట్ల డాలర్లకు పైగా, ఈ రెండింటి చేతుల మీదుగానే నడిచేవి. ఫ్యానీ మే 1938లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కాలంలో పుట్టింది. ఇవి మనలాంటివాళ్ళకి నేరుగా లోను ఇవ్వవు. బ్యాంకులిచ్చిన లోన్లు కొని, వాటికి పూచీ పడి, బాండ్లుగా అమ్ముతాయి. వాటి వెనక ప్రభుత్వ పూచీ ఉందని ఎక్కడా రాసి లేదు. అయినా చైనా, జపాన్ సహా అందరూ ఉందనే నమ్మి కొన్నారు.

2008 జులైలో ఆర్థికమంత్రి హెన్రీ పాల్సన్ సెనేట్ కమిటీ ముందు ఒక మాటన్నారు. జేబులో బజూకా, అంటే భుజం మీంచి పేల్చే రాకెట్ తుపాకీ, ఉందని జనానికి తెలిస్తే దాన్ని బయటికి తీసే పని ఉండకపోవచ్చని. ఆ నెలాఖరున ఈ రెండింటినీ ఆదుకునే అధికారం ప్రభుత్వానికిచ్చే చట్టం వచ్చింది. ఆరు వారాలు తిరక్కుండానే, సెప్టెంబర్ 7 ఆదివారం నాడు, బజూకా తీయక తప్పలేదు. రెండు సంస్థల్నీ ప్రభుత్వ సంరక్షణలోకి తీసుకున్నారు. ఒక్కోదానికి 10 వేల కోట్ల డాలర్ల దాకా ఇస్తామన్నారు, తర్వాత దాన్ని రెట్టింపు చేశారు, ఆ పైన కొన్నేళ్ళపాటు పరిమితే ఎత్తేశారు.

అది తప్పని నేననను. అవి కూలితే సక్రమంగా కిస్తీ కట్టేవాడికీ కొత్త లోను పుట్టదు. పైగా, మొత్తం 19 వేల కోట్ల డాలర్లు పెట్టిన ప్రభుత్వానికి ఏళ్ళు గడిచేసరికి 30 వేల కోట్లకు పైగా తిరిగొచ్చింది. ఆ సంరక్షణ పదిహేనేళ్ళు దాటినా ఎత్తలేదు. నా కన్ను ఆ ఏళ్ళ మీదే ఉంది. మొండి బాకీ అనుకున్నది వసూలైందంటే గడువు ఇచ్చారు కాబట్టే.

అప్పు తీసుకున్నవాడికో? 2009 ఫిబ్రవరిలో ఒబామా అరిజోనాలోని మేసాలో ఒక పథకం ప్రకటించారు. కిస్తీని ఆదాయంలో 31 శాతానికి తగ్గిస్తామని, 30 నుంచి 40 లక్షల కుటుంబాలకు మేలని. ముందు మూడు నెలలు తగ్గించిన కిస్తీ కట్టి చూపించాలి. కాగితాలు పంపాలి. అందలేదు, మళ్ళీ పంపమంటారు. మళ్ళీ పంపేలోపు మొదట పంపిన జీతం స్లిప్పు పాతదైపోతుంది. కడకు కిస్తీ శాశ్వతంగా తగ్గినవాళ్ళు 20 లక్షలు కూడా లేరు. సంస్థలకి ఒక్క ఆదివారం సరిపోయింది.

అమెరికాని అనడం తేలికే. ఒకాయన మరమగ్గాలు నడిపేవాడు. నా సీట్లోనే లోను తీసుకున్నాడు. కిస్తీ తప్పి 90 రోజులు దాటి ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అయింది, 60 రోజుల నోటీసు గడువూ అయిపోయింది. స్వాధీన నోటీసు తలుపుకి నేనే అంటించాను. గమ్ ఆరేదాకా కాగితం మూలలు వేళ్ళతో నొక్కి పట్టుకున్నాను. ఎండగా ఉందని వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చింది. ఆయన ఒకటే అడిగాడు: “సార్, సంక్రాంతి దాకా ఆగలేరా? సరుకు కొన్న పార్టీ డబ్బులు అప్పటికి వస్తాయి.”

నా చేతుల్లో ఏం లేదన్నాను. నిజంగానే లేదు. ఇల్లు వేలంలో పోయింది. సంక్రాంతికి ఆయనకి ఆ డబ్బులు వచ్చాయో లేదో నేను కనుక్కోలేదు.