పిలాటిస్ పాఠాల్లో ఊపిరికి ఎన్ని మార్కులు?

ప్రేక్షకులకు నమస్కారం. అమలాపురం నుంచి మాట్లాడుతున్నాను. ప్రారంభకుల కోసమని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన పిలాటిస్ అనే వ్యాయామ పద్ధతి వీడియో వరుస ఒకదాన్ని చూసి, చేసి, ఈ రివ్యూ చెబుతున్నాను. ఆ ఛానల్ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే నేను ఎత్తిచూపబోయే లోపం ఆ ఒక్కరిదే కాదు.

కదలికలను చూపించిన తీరు చాలా బాగుంది. ఊపిరి విషయంలో మాత్రం "ఊపిరి బిగబట్టకండి" అన్న ఒక్క మాటతో సరిపెట్టేశారు. 1883లో జర్మనీలో పుట్టి, చిన్నతనంలో ఉబ్బసంతో బాధపడిన జోసెఫ్ పిలాటిస్, తాను రూపొందించిన ఈ పద్ధతిలో ఊపిరికే పెద్దపీట వేశారు. 'హండ్రెడ్' అనే వ్యాయామాన్నే తీసుకోండి. వెల్లకిలా పడుకుని, తలనూ భుజాలనూ పైకెత్తి, చాచిన చేతులను పక్కల నుంచి కిందికీ పైకీ ఆడిస్తూ, ఐదు లెక్కల పాటు ఊపిరి తీసుకుని, ఐదు లెక్కల పాటు వదలాలి. అలా పది శ్వాసలు పూర్తయితే వంద అవుతుంది. ఇందులోంచి ఊపిరిని తీసేస్తే మిగిలేది చేతులాడించడమే.

ఊపిరిని పూర్తిగా వదిలేటప్పుడు, పొట్ట కండరాలన్నిటికంటే లోపల నడుమును చుట్టి ఉండే అడ్డకండరం బిగుసుకుని వెన్నెముకకు ఆసరా ఇస్తుంది కాబట్టి, శ్రమ ఎక్కువగా ఉన్న చోట ఊపిరి వదలమని సాధారణంగా చెబుతారు. ఈ పాఠంలో పడుకున్న స్థితి నుంచి లేచేటప్పుడు ఆ సూచనే లేదు, దాంతో కొత్తవారు ఊపిరి బిగబట్టి మెడతో లాగి లేస్తారు. రక్తపోటు ఉన్నవారికి అలా బిగబట్టడం మంచిది కాదు. వారూ గర్భిణులూ వైద్యుణ్ని అడిగాకే మొదలుపెట్టాలి.

మన కాలువ గట్ల మీద పొద్దున్నే నడిచేవారిలో ప్రాణాయామం అలవాటున్నవారు చాలామందే ఉంటారు. పొట్ట నిండా గాలి తీసుకోవడం నేర్చినవారికి ఇక్కడ కాస్త తికమక తప్పదు, ఎందుకంటే పిలాటిస్‌లో పొట్టను కొద్దిగా లోపలికి పట్టి ఉంచి, పక్కటెముకలు పక్కలకూ వీపువైపుకూ విచ్చుకునేలా గాలి తీసుకోవాలి. రొమ్ము కింద పక్కటెముకల చుట్టూ ఒక తువ్వాలు చుట్టి, కొసలను ముందు అడ్డంగా పట్టుకుని ఊపిరి తీసుకుంటే, తువ్వాలు రెండు పక్కలా బిగిసిందో, భుజాలు మాత్రమే పైకి లేచాయో వెంటనే తెలిసిపోతుంది. ఈ చిన్న పరీక్షను ఆ వరుసలో ఎక్కడా చూపించకపోవడం నాకు అన్నిటికంటే పెద్ద వెలితిగా తోచింది. మన కోనసీమ ఉక్కలో నాలుగు కదలికలకే ఆయాసం వచ్చి నోటితో రొప్పడం మొదలవుతుంది కనుక, తెల్లవారుజామునే చేసుకోవడం మేలు.

కదలికలకు పదికి ఎనిమిది, ఊపిరికి మూడు మార్కులు ఇస్తున్నాను. కొత్తవారు ముందుగా తువ్వాలుతో ఊపిరి సాధన చేసి, అది కుదిరాకే ఈ పాఠాల జోలికి వెళ్ళండి. 'హండ్రెడ్' వచ్చే చోట వెనకాల సంగీతం లెక్కను పూర్తిగా మింగేస్తోంది కాబట్టి, అక్కడ శబ్దం కట్టేసి ఐదేసి లెక్కలు మీరే మనసులో వేసుకోండి.